ఏడుపును లోపంగా నమోదు చేసిన కేసు

నమోదు 1

కంపెనీ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. సర్వీసు కేంద్రాల్లో పనిచేసేవాళ్లు ఇకనుంచి తాము చేసిన పనిని సొంత మాటల్లో రాసి పంపాలట. అంకెలన్నీ యంత్రాలు ఎలాగూ చూసుకుంటున్నాయి, మనుషుల మాటలు కూడా కొన్ని దగ్గరుంటే బాగుంటుందని పైవాళ్లకు అనిపించిందట. చదువుతారో లేదో తెలియదు. రాయమన్నారు, రాస్తున్నాను.

నా పేరు ఫణిభూషణం. తెనాలి బోసురోడ్డులో ఉన్న కంటిపొర సర్వీసు కేంద్రంలో మెకానిక్కును. నా ముఖం చాలా బాగుంటుంది. ఊళ్లో అందరి ముఖాలూ చాలా బాగుంటాయి కాబట్టి ఈ సంగతి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఈరోజు పొద్దున్నే ఒక అత్తాకోడళ్లు వచ్చారు. మధ్యాహ్నం అయ్యేసరికి కోడలి ముక్కు ఎడమకు జరుగుతోందని అత్తగారి ఫిర్యాదు. నిజానికి జరిగింది కోడలి ముక్కు కాదు. ఎండకు అత్తగారి కంట్లో పొర వేడెక్కింది. పొర తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పెట్టాను. “ఇప్పుడు లక్షణంగా ఉంది పిల్ల,” అని ఆవిడ సంతోషపడింది. కోడలు పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు నేనేమీ చేయలేదు.

తర్వాత అన్నదమ్ములిద్దరు. పన్నెండేళ్లు నిండగానే అందరూ చేసినట్టే వీళ్లూ పొర వేయించుకుని, ఎదుటివాళ్లకు తాము ఎలా కనబడాలో ఆ రూపం ఎంచుకున్నారు. ఇద్దరూ ఒకే రూపం ఎంచుకున్నారు, అదీ చిక్కు. పెద్దాయన భార్య నిన్న కూరగాయల మార్కెట్లో మరిది చెయ్యి పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చిందట. ఆయన మర్యాదస్తుడు, వెంటే వచ్చాడు. చిన్నాయనకు గడ్డం పెట్టి పంపించాను.

నమోదు 2

ఈరోజు వచ్చిన మనిషికి అసలు పొరే లేదు.

బసవకుమారిగారి పేరు మా నాన్న చెబుతుంటే విన్నాను. రంగస్థలం మీద ఆవిడ నోరు విప్పితే వెనక వరసలో సోడాలమ్మేవాడు కూడా నిలబడిపోయేవాడట. అరవై దాటాయి. కంటి ఆపరేషన్ తర్వాత పొర సరిపడలేదని డాక్టర్లు తీసేశారు. ఆవిడ లోపలికి రాగానే, కళ్లలో పొర మెరుపు లేకపోవడం చూసి బెంచీ మీద ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. పొర లేని కళ్లతో ఒకరి ముఖంలోకి చూడడమంటే, స్నానాల గది తలుపు నెట్టుకుని రావడం లాంటిది మా కాలంలో. ఆవిడ మాత్రం అందరినీ తీరిగ్గా చూసింది.

“ఏం అబ్బాయ్, నువ్వేనా మెకానిక్కువి?”

“నేనేనమ్మా. మీకు పొర లేదు గదా, మరి...”

“నాకు లేదు. జనానికుంది. అదే నా బాధ.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “‘లాకుల కాడ’ అని కొత్త నాటకం ఆడుతున్నాం. వరదల్లో కొడుకు కొట్టుకుపోయిన తల్లి వేషం నాది. శవం దొరికిందని కబురొచ్చుద్ది. నేను ఏడవాల. ఏడుస్తన్నా. జనం ఏం చేస్తన్నారో తెలుసా?”

“ఏం చేస్తున్నారమ్మా?”

“చిన్నగా నవ్వుకుంటన్నారయ్యా. పెళ్లి ఫొటో చూసినట్టు చూస్తన్నారు. మొన్న ఒకాయన లేచి, అమ్మగారు ఈ వయసులో కూడా ఎంత ప్రశాంతంగా ఉన్నారో అని దండేశాడు. బిడ్డ చచ్చినప్పుడు!”

పరీక్షించడం నా పని. ఒకసారి ఏడవమని అడిగాను. ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నా చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తలెత్తి చూస్తే ఎదురుగా సబ్బు ప్రకటనలో కనపడేలాంటి ముఖం. నున్నటి నుదురు, కుదురైన పెదవులు, చిరునవ్వు. శబ్దం ఎక్కడినుంచి వస్తోందోనని వెనక్కి తిరిగి చూశాను కూడా.

ఆవిణ్ని చూస్తున్నప్పుడు నా పొరలో నమోదైన వివరాలు తీశాను. నుదుటి ముడత: సరిదిద్దబడింది. పెదవి వంకర: సరిదిద్దబడింది. చెంప మీద ద్రవం: తొలగించబడింది.

పైవాళ్లకు రాస్తే గంటలో జవాబొచ్చింది. పరికరంలో ఏ దోషమూ లేదని, నిజానికి ఈ కేసులో అది అద్భుతంగా పనిచేసిందని, కావలిస్తే ప్రచారానికి వాడుకుంటామని.

“అయితే నా ఏడుపే లోపమా?” అంది బసవకుమారిగారు. రిహార్సలుకు ఒకసారి వచ్చి చూడమంది. వస్తానన్నాను.

నమోదు 3

రిహార్సలుకు మా అమ్మాయి తారకను కూడా తీసుకెళ్లాను.

తారకకు పదిహేనేళ్లు. చిన్నప్పుడు గోడలనిండా బొమ్మలు వేసేది. పొర వేయించాక మానేసింది. కాయితం మీద ముఖం గీస్తే పొర దాన్ని కూడా దిద్దుతుంది. వాళ్ల నానమ్మకున్న వంకర ముక్కును గీసింది, తిన్నగా కనపడింది. ఇంకాస్త వంకర గీసింది, మళ్లీ తిన్నగానే కనపడింది. కాయితం చిరిగిందాకా గీసి పెన్సిలు పక్కన పడేసింది. ఈ మధ్య ఇంట్లో మాట్లాడడం కూడా తగ్గించింది. చదువు మీద పడిందని మేము సంతోషించాం.

నాలుగైదు నెలల కిందట మాత్రం ఒక మాటడిగింది. స్కూలు ఫంక్షన్‌కి పరికిణీ కుట్టించడానికి వెళ్తే టైలరు టేపు పెట్టి నడుం కొలిచాడట. “నాన్నా, అద్దంలో నడుమేమో సన్నగా ఉంది. టేపులో ఎక్కువొచ్చింది. ఏది నిజం?” అంది. నేను కంపెనీ మనిషిని. అద్దమే నిజమన్నాను.

రిహార్సలు హాల్లో బసవకుమారిగారు మమ్మల్ని చూస్తూనే చేస్తున్న పని ఆపేసింది. నన్ను దాటుకుని వచ్చి తారక మణికట్టు పట్టుకుంది. తన బొటనవేలూ చూపుడువేలూ ఆ చేతి చుట్టూ చుట్టి చూసుకుంది.

“ఏందమ్మా ఇది? చెయ్యా, చీపురుపుల్లా?”

తారక చెయ్యి లాక్కుంది. ఆవిడ నావైపు తిరిగింది.

“ఈ పిల్లను చూశావా నువ్వు?”

“చూస్తూనే ఉన్నానమ్మా, రోజూ.”

“దేంతో?” అంది ఆవిడ.

మా అమ్మాయి ఎప్పటిలాగే నిండు చెంపలతో, మెరిసే ముఖంతో నా పక్కన నిలబడి ఉంది. వేళ్లతో తడిమి చూద్దామని భుజం మీద చెయ్యి వేశాను. ఎముక తగిలింది. ఎముక మీద గుడ్డ, అంతే.

నమోదు 4

ఆదివారం. ఇది సర్వీసు కేంద్రం పని కాదు. అయినా రాస్తున్నాను, మాటలు కావాలన్నారు కదా.

మధ్యాహ్నం భోజనాల వేళ పెరట్లోకి వెళ్లి నా పొర తీసి నీళ్ల గిన్నెలో వేశాను. లోపలికి వచ్చేసరికి మా ఆవిడ హైమ వడ్డిస్తోంది. నా కళ్లు చూసి గరిటె వదిలేసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

“ఏందిది సిగ్గులేకుండా! మొగుడివైతే మాత్రం? ముందు పొర పెట్టుకో, నన్ను చూడబాక!”

“నిన్ను చూడడానికి కాదు హైమా.”

తారక పళ్లెం ముందు కూర్చుని ఉంది. అన్నం కలుపుతోంది, ముద్ద చేస్తోంది, మళ్లీ కలుపుతోంది. చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింద నల్లగా ఉంది. మెడ దగ్గర ఎముకలు రెండు పక్కలా పైకి లేచాయి, మధ్యలో నీళ్లు పోస్తే నిలుస్తాయి. పెదవులు పగిలాయి. ఆ పిల్లను బజార్లో చూసి ఉంటే ఎవరో అనుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ని.

హైమను పిలిచాను. వద్దు వద్దంటూనే తన పొరా తీసింది. చూసింది. కొంగు ముఖం మీదినుంచి జారి నోటికి అడ్డం పడింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉందో! కళగా ఉంది,” అన్నాడు. బరువు చూడమని పట్టుబట్టాను. తూకం మీద అంకె చూసి ఆయన తూకాన్ని కాలితో రెండుసార్లు తన్నాడు. ఇంకో తూకం తెప్పించాడు. అది కూడా అదే చెప్పాక అప్పుడు లేచి వచ్చి అమ్మాయి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడిన తీరే వేరు. సెలైన్ ఎక్కించారు. గుండె బలహీనపడిందన్నారు. ఇంకా ఆలస్యమైతే చెప్పలేమన్నారు.

సెలైన్ బాటిల్ కింద మంచం మీద కూర్చుని అడిగాను, ఎందుకమ్మా ఇలా చేశావని. తారక గోడవైపు చూస్తూ చెప్పింది.

“అద్దంలో ఉన్న పిల్లనే అందరూ నేననుకుంటన్నారు నాన్నా. ఎవరన్నా నడుం మీద చెయ్యేస్తే దొరికిపోతానని భయమేసేది. ఆ పిల్లలాగా అయిపోతే ఇంక అబద్ధం ఉండదు గదా.”

నిజాయితీగా బతకాలని చిన్నప్పటినుంచీ చెప్పి పెంచాం.

నమోదు 5

ఇంటికి తెచ్చాం. ఇంట్లో ఉన్నంతసేపూ నేనూ హైమా పొరలు తీసి పక్కన పెడుతున్నాం. పొర తీసేద్దామంటే ఒప్పుకోవడం లేదు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తేనే అరుస్తోంది. “నన్ను నేను అట్టా చూసుకోలేను,” అంటోంది. బలవంతం చేయొద్దని డాక్టరు చెప్పాడు. హైమ పూటపూటా జావ చేసి పెడుతోంది. సగం లోపలికి పోతోంది, సగం సింకులోకి.

ఈరోజు బసవకుమారిగారు వచ్చింది. పరామర్శకు వచ్చిందనుకున్నాం. చంకలో ఒక పాత రేకుపెట్టె.

“పిల్లా, నాకు రంగేసే మనిషి లేడు. పొరలొచ్చినాక మేకప్‌మేన్లంతా వేరే పనులు చూసుకున్నారు. నీకు బొమ్మలేయడం వచ్చంటగా. వేస్తావా?”

“ఏం వేసినా కనపడదు మామ్మా. పొర తుడిచేసుద్ది.”

“నాకు కనపడుద్దిలే. వెయ్యి.”

రేకుపెట్టెలో రంగుల ముద్దలు, కాటుక, కుంచెలు ఉన్నాయి. తారక అయిష్టంగానే కూర్చుని ఆవిడ నుదుటి మీద ఎర్రటి గీత గీసింది. తన కళ్లకు గీత వెంటనే మాయమైంది. చెంపకు పసుపు పూసింది, అదీ పోయింది. మళ్లీ పూసింది. కాసేపటికి పిల్లకు కోపం వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత మా ఇంట్లో దాని కోపం చూశాను. పిడికిలితో నల్లరంగు తీసి ముసలావిడ సగం ముఖానికి మెత్తింది. మిగతా సగానికి పసుపు. ఎడమ చెంప మీద ఇంకో కన్ను, గడ్డం మీద ఇంకో నోరు. ముక్కు మీదుగా అడ్డంగా తెల్లటి పట్టీ.

ఉన్నట్టుండి కుంచె కిందపడిన చప్పుడు.

“నాన్నా! మామ్మ కనపడతంది!”

నేనూ పొర పెట్టుకుని చూశాను. నిజమే. పొర చేతులెత్తేసింది. అంత అడ్డదిడ్డంగా ఉన్నదాన్ని అది ముఖమని ఒప్పుకోలేదు. గోడో, గుమ్మడికాయో అనుకుని వదిలేసింది. దాంతో రంగు కింద ఉన్నవన్నీ బయటపడ్డాయి. ముడతలు, వేలాడే కనురెప్పలు, పెదవి పక్కన పుట్టుమచ్చ, అన్నీ రంగుతోపాటు కదులుతున్నాయి. మూడేళ్లలో తారక చూసిన మొదటి మనిషి ముఖం అది.

“మామ్మా, నువ్వు ఎంత ముసలిదానివో!” అంది నోరు తెరిచి.

బసవకుమారిగారు విరగబడి నవ్వింది. ఆ నవ్వు కనపడింది. నవ్వితే మనిషి ముఖం ఇంత చిందరవందర అవుతుందని మేమంతా మరిచిపోయాం.

నమోదు 6

నిన్న నాటకం ఆడారు. రంగు తారకే వేసింది. బలం లేక మధ్యలో రెండుసార్లు కూర్చుంది, అయినా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మొదట జనం నవ్వారు. నలుపూ పసుపూ పులుముకున్న మనిషిని చూసి విదూషకుడి వేషమనుకున్నారు. కబురొచ్చే ఘట్టం దాకా పిల్లలు ఈలలు వేస్తూనే ఉన్నారు. తర్వాత ఆవిడ ముఖం విరిగింది. వేరే మాట దొరకడం లేదు. నుదురు ముడుచుకుపోయింది, పెదవులు వంకర పోయాయి, నల్లరంగు మధ్యలోంచి కన్నీళ్లు దారి చేసుకుంటూ గడ్డం దాకా దిగాయి. పిల్లల ఈలలు ఆగిపోయాయి. నా ముందు వరసలో ఒకాయన భార్య చెవిలో, “ఆవిడకేదో అవుతోంది, ఎవరన్నా డాక్టర్ని పిలవండి,” అన్నాడు. వెనకనుంచి చూస్తే ఆ భార్య భుజాలు అప్పటికే ఏడుపుతో ఎగిరిపడుతున్నాయి. ఆయనకు మాత్రం భార్య ముఖం మీద చిరునవ్వే కనపడుతోంది.

ఈ పొద్దున కేంద్రం తెరిచేసరికి మెట్లమీద జనం. అందరిదీ ఒకటే ఫిర్యాదు. పొర పాడైంది, నిన్న సాయంత్రం నుంచి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఒకాయన ఇంటికెళ్లాక కూడా ఆగలేదన్నాడు. చచ్చిపోయిన తమ్ముడు గుర్తొచ్చాడట.

“మీ పొర బాగానే ఉందండీ,” అన్నాను.

“మరి ఈ నీళ్లేంటి?”

కొత్తగా వచ్చిన జబ్బులా అడిగాడు. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుందని చెప్పి పంపించాను. తగ్గకపోతే బాగుండునని నాకే అనిపించింది.

నమోదు 7

కంపెనీ చురుకైనది. తెనాలి నుంచి వచ్చిన ఫిర్యాదుల మీద వెంటనే చర్య తీసుకుంది. రంగు పూసిన ముఖాలను కూడా ముఖాలుగా గుర్తించే అప్‌డేట్ రేపటినుంచి అమల్లోకి వస్తుందట. వినియోగదారులకు కలిగిన అసౌకర్యానికి, అంటే ఏడుపుకు, విచారం వెలిబుచ్చింది.

ఇంట్లో ఈ కబురు చెప్పాను. తారక, బసవకుమారిగారు మా ఇంట్లోనే ఉంచిన రేకుపెట్టె తీసుకుని అద్దం ముందుకు వెళ్లింది. ఆవిడకు వేసినట్టే తన ముఖానికి వేసుకోవడం మొదలుపెట్టింది. సగం నలుపు, సగం పసుపు, చెంప మీద కన్ను. నేనూ హైమా గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆపుదామని హైమ ఒక అడుగు వేసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నేను చేసింది సరైన పనో కాదో అప్పుడు నాకే తెలియదు.

గడ్డం మీద నోరు పూర్తవుతుండగా పొర వదిలేసింది. ముఖం దొరక్కపోతే అది ఒంటిని కూడా దిద్దదు. తారక చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

చాలాసేపు చూసుకుంది. చెంప గుంటలో వేలు పెట్టి చూసింది. మెడ ఎముకల మీద అరచెయ్యి ఆనించింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“ఈ పిల్లెవరు నాన్నా?”

“నువ్వేనమ్మా.”

“పాపం,” అంది తారక. మెల్లగా, ఎవరో పరాయి పిల్లను చూసి అన్నట్టు. “బాగా చిక్కిపోయింది గదా.”

హైమ వంటింట్లోకి పరిగెత్తి పెరుగన్నం కలుపుకొచ్చింది. తారక రంగు కడుక్కోకుండానే అద్దం ముందు నిలబడి తింది. గిన్నె ఖాళీ కాలేదు. కానీ సింకు దగ్గరికి కూడా వెళ్లలేదు.

నమోదు 8

అప్‌డేట్ వచ్చేసింది. బసవకుమారిగారు ముఖానికి ఎన్ని రంగులు పూసుకున్నా ఇప్పుడు సబ్బు ప్రకటనే కనపడుతోంది. కంపెనీ లెక్కలో ఈ కేసు ముగిసింది.

ఆవిడ మాత్రం నిరుత్సాహపడలేదు. ఏడ్చే ఘట్టంలో జనానికి వీపు చూపిస్తానంటోంది. “ముఖం దిద్దుతారు, నడుం దిద్దుతారు. భుజాలు ఎగిరిపడేది ఎవడు దిద్దుతాడో చూద్దాం!” అంటూ మా కేంద్రంలోనే అటు తిరిగి ఏడ్చి చూపించింది. బెంచీ మీద ఉన్నవాళ్లు పనులు మరిచిపోయి చూశారు. కంపెనీకి వీపుల సంగతి ఇంకా తెలియదు. ఈ పేజీ ఎవరూ చదవకపోతే తెలియదు కూడా.

ఆవిడ వెళ్లగానే తారక స్కూలు సంచీతో వచ్చి కస్టమర్ల కుర్చీలో కూర్చుంది.

“తీసెయ్ నాన్నా.”

“ఇంటికెళ్లి అమ్మ కూడా ఉన్నప్పుడు...”

“ఇప్పుడే. ఇంటికెళ్తే మళ్లీ భయమేసుద్ది.”

ఇన్నేళ్లలో ఎన్ని పొరలు తీశానో చెప్పలేను, ఇంత కష్టమైన పని చెయ్యలేదు. కారణం రాయమని అడిగే గడిలో ‘కస్టమరు కోరిక’ అని రాశాను. తర్వాత నా పొర కూడా తీసి పక్కన పెట్టాను.

తారక కళ్లు చికిలించుకుని ముందు నన్ను చూసింది. మర్యాద ప్రకారం నేను తల దించుకోవాలి. దించుకోలేదు.

“ఎట్టా ఉన్నాను?”

“ఏం బాగలేవు,” అంది. ఆ తర్వాత నా చెవిలో మొలిచిన వెంట్రుకలు పట్టుకుని లాగి చూసింది, నిజమో కాదోనని.

కేంద్రానికి తాళం వేసి ఇద్దరం బోసురోడ్డులోకి వచ్చాం. సాయంత్రం రద్దీ. మా కళ్లు చూసినవాళ్లు చూసినట్టే తలలు దించుకుని తప్పుకుంటున్నారు. తారక మాత్రం నా చెయ్యి పట్టుకుని, మూతి మీద మచ్చ ఉన్నామెను, పొట్ట ముందుకు పొడుచుకొచ్చిన కండక్టరును, పళ్లు ఎత్తుగా ఉన్న పిల్లాణ్ని, బట్టతల మీద చెమట తుడుచుకుంటున్న అరటిపళ్ల వ్యాపారిని ఆగి ఆగి చూస్తోంది. ఏ ఒక్కరూ ఇంకొకరిలా లేరు. నడక ఆపేసి నా భుజానికి ఆనుకుంది.

“నాన్నా, మన ఊళ్లో ఇంతమంది ఉన్నారా?”

ఉన్నారని చెప్పాను. నేనూ ఇవాళే చూస్తున్నానని మాత్రం చెప్పలేదు.